వినడమూ ఒక విద్యే

మా ఊరి పేరులోనే వినడం ఉన్నది. సీతాపహరణ వార్తను శ్రీరాముడు ఇక్కడి కొండమీద విన్నాడనీ, అందువల్లనే ఇది వినుకొండ అయినదనీ స్థలపురాణం. తెలుగు పండితునికి విమానాలతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. నా పూర్వ విద్యార్థి ఒకరి కుమార్తె విమానం నడపడం నేర్చుకుంటున్నది. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ నుండి ఎగిరిన చిన్న శిక్షణ విమానం పెద్దవూర మండలంలో కూలి, శిక్షణలో ఉన్న యువతి మరణించింది. అది తలచుకొని, "అమ్మాయిని మాన్పించండి మాస్టారూ" అని తండ్రి నన్ను వేడుకొన్నాడు. ముందు ఆ పిల్ల చెప్పేది వినాలనుకొన్నాను.

"ఇంత విశాలమైన ఆకాశంలో రెండు విమానాలు ఎలా ఢీకొంటాయమ్మా?" అన్నాను.

"ఆకాశం విశాలమే తాతగారూ, దిగవలసిన రన్‌వే మాత్రం ఒక్కటే" అన్నది.

ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలట. దారులు అడ్డంగా కలిసేచోట, తన కుడివైపున ఉన్నవారికి దారి ఇవ్వాలి. కంటిచూపును నమ్ముకొని ఎగిరేవారు తూర్పుకు పోతే 3,500, 5,500 అడుగుల ఎత్తుల్లోనూ, పడమరకు పోతే 4,500, 6,500 అడుగుల్లోనూ సాగాలి. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టినది మరొకటి. ఢీకొనబోయే విమానం అద్దంలో కదలకుండా ఒకేచోట నిలిచినట్లుండి, చివరి క్షణాల్లో హఠాత్తుగా పెద్దదవుతుందట! అందుకే టవర్‌లోని కంట్రోలర్ గడియారపు లెక్కలో, "రెండు గంటల దిక్కున విమానం" అని హెచ్చరిస్తాడు.

అతడు చెప్పిన ఎత్తునూ అనుమతినీ పైలట్ తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పినది సరిగా ఉన్నదో లేదో కంట్రోలర్ వినాలి. మన వల్లెవేయడం ఇదే కదా! 'నైన్' అన్న మాట 'ఫైవ్'గా వినబడకుండా 'నైనర్' అని పలుకుతారట. ఉచ్చారణకు ప్రాణం విలువ ఉన్న చోటు అది.

1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. పైకి వెళ్లే విమానానికి 14,000, దిగే విమానానికి 15,000 అడుగులు నిర్దేశించారు. దిగే విమానం ఆ హద్దు దాటి కిందికి వచ్చింది. ఇంగ్లీషు సరిగా అర్థం కాకపోవడాన్ని విచారణ సంఘం ఎత్తిచూపింది. మా ఊరివాడైన జాషువా గారి గబ్బిలం వలె, నాటి ఢిల్లీ రాడార్‌కు ప్రతిధ్వనే ఆధారం. విమానం ఎక్కడున్నదో తెలిసేది గాని, ఎంత ఎత్తున ఉన్నదో తెలిసేది కాదు. తరువాత పెద్ద విమానాలకు ఢీకొనడాన్ని ముందుగా హెచ్చరించే యంత్రాన్ని మన దేశం తప్పనిసరి చేసింది. చిన్న విమానాల్లో అనేకం నేటికీ ప్రధానంగా కన్నులనూ చెవులనూ నమ్ముకొన్నవే.

ఆ తండ్రితో నేను ఇంతే అన్నాను: "నాయనా, భయం పోదు. పోనవసరమూ లేదు. కానీ నీ బిడ్డ ఎదుటివారి మాట పూర్తిగా విని, అప్పజెప్పి, ఆ తరువాతే కదులుతున్నది. నేల మీద మనలో ఎందరం అలా చేస్తున్నాం?"

అతడు జవాబు చెప్పలేదు. ఆమె చదువు మాత్రం సాగుతున్నది.