మెస్ వెనుక దారి

ఒక విశ్వవిద్యాలయం పర్యావరణాన్ని ఎలా చూసుకుంటోందో తెలుసుకోవాలంటే ముందు గేటు నుంచి వెళ్లి లాభం లేదు. అక్కడ పచ్చిక ఉంటుంది, వరసగా కత్తిరించిన మొక్కలుంటాయి, వనమహోత్సవం నాడు ఏ పెద్దలొచ్చి ఏ మొక్క నాటారో చెప్పే రాతిపలకలుంటాయి. హాస్టల్ మెస్ వెనుక నుంచి వెళ్లాలి. మధ్యాహ్నం రెండు దాటాక, కంచాలు కడిగే చోట కాసేపు నిలబడాలి. పర్యావరణ విద్య బోధించే నాకు ఈ దారి చూపించింది పాఠ్యపుస్తకం కాదు. కంచాలు కడిగే ఒకావిడ, బోర్లు నడిపే ఒకాయన.

పర్యావరణ పాఠం మన తరగతి గదుల్లోకి వచ్చిందే కోర్టు చెప్పడం వల్ల. ఎం.సి. మెహతా వేసిన కేసులో పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. పన్నెండేళ్లు గడిచాక, 2003లో, మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమం పెట్టింది. అందులో నాకు ఎంతో ఇష్టమైన భాగం చివర ఉంటుంది: పిల్లలు బయటికి వెళ్లి, తమ చుట్టుపక్కల కలుషితమైన ఒక చోటును చూసి రాయాలి. మేం ఏటా బస్సు మాట్లాడుకుని ఊరవతల వాగు దగ్గరికో, ఫ్యాక్టరీల వైపుకో వెళ్లేవాళ్లం. ఒక ఏడాది బస్సు దొరకలేదు. క్యాంపస్‌లోనే తిరుగుదాం పదండన్నాను.

మెస్ వెనుక డ్రమ్ముల్లో అన్నం తెల్లగా, పొడిపొడిగా ఉంది. కంచాల్లో మిగిలింది కొంతే, గిన్నెల్లో మిగిలిందే ఎక్కువ. పిల్లలు వదిలేస్తున్నారేమో అనుకుంటూ కంచాలు కడిగే ఆవిడను అడిగాం.

"ఎంతమంది తింటారో మాకెవరు చెప్తారు మేడం? పుస్తకంలో ఎన్ని పేర్లుంటే అంతమందికి ఎసరు పెట్టమంటారు. శనివారం వచ్చిందంటే సగం మంది పిల్లోళ్లు ఊర్లకు పోతారు. ఎసరు మాత్రం తగ్గదు."

"అన్నం పారేయకండి" అని గోడ మీద పిల్లలు రాసిన బొమ్మల పోస్టర్ ఆవిడ వెనకే ఉంది. ఆ పోస్టర్ పిల్లల మనసుకు చెబుతోంది. పారేయడం జరుగుతున్నది మాత్రం మనసులో కాదు, హాజరు పుస్తకానికీ ఎసరు గిన్నెకూ మధ్య ఉండాల్సిన ఒక చిన్న కబురు లేకపోవడంలో. రేపు ఎంతమంది తింటారన్నది ముందురోజు రాత్రికి వంటవాళ్లకు అందితే చాలు. వృథా అయ్యేది అన్నం ఒక్కటే కాదు: కిలో బియ్యం పండడానికి రెండు మూడు వేల లీటర్ల నీళ్లు కావాలి. మేముండేది రాయలసీమలో. ఏ కాలువ కింద ఏ రైతు పెట్టిన తడో ఆ డ్రమ్ములో ఉంది. దాన్ని చూస్తూ పిల్లలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ డ్రమ్ము తర్వాత ఎక్కడికి పోతుందన్నది ఇంకో కథ. రోజుకు వంద కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థ ఏదైనా తన తడిచెత్తను వీలైనంత వరకు తన ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. పెద్ద హాస్టల్ ఒక్కటే ఆ గీత దాటేస్తుంది. అందుకే చాలా క్యాంపస్‌లు బయోగ్యాస్ ప్లాంటు పెట్టుకున్నాయి. వాటిలో మూలపడినవాటిని నేను చూశాను. యంత్రం చెడి ఆగినవి తక్కువ, మనిషి లేక ఆగినవే ఎక్కువ. నిమ్మతొక్కలు, ఉల్లిపొట్టు, ఎముకలు, ప్లాస్టిక్ చెంచాలు అందులో పడకూడదు. పడితే లోపలి సూక్ష్మజీవుల పని మందగిస్తుంది, గొట్టాలు పూడుకుపోతాయి. వాటిని రోజూ ఏరి వేరుచేసే మనిషి కావాలి. ప్లాంటుకు గ్రాంటు వస్తుంది, ఆ మనిషికి జీతం రాదు. మొదట్లో ఉత్సాహంగా చేసిన విద్యార్థులు రెండేళ్లకు చదువు ముగించుకుని వెళ్లిపోతారు. ఆ రోజుతో ప్లాంటు కూడా ఆగిపోతుంది.

అక్కడి నుంచి పంపు హౌస్‌కు వెళ్లాం. బోర్లు నడిపే అన్న ఆ పనిలో నాకంటే ముందు నుంచీ ఉన్నాడు.

"ట్యాంకు నిండిందని నీకెట్లా తెలుస్తాదన్నా?"

"పైనుంచి కారితే తెలుస్తాది మేడం."

మీటరు లేదు. ఏ హాస్టల్‌కు ఎన్ని నీళ్లు పోతున్నాయో అడిగినవాళ్లు లేరు. నీళ్లు తక్కువైతే ఫిర్యాదు వస్తుంది కాబట్టి ఎక్కువ వదలడమే ఆయనకు క్షేమం. ఇందులో ఆయన తప్పేముంది?

ఆ రోజు తరగతికి తిరిగొచ్చి మేం వేసిన లెక్క నా ఆలోచనను మార్చింది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలన్నది మన దేశంలో ప్రణాళికలు వేసేవాళ్లు వాడే ప్రమాణం. వెయ్యిమంది ఉండే హాస్టల్‌కు రోజుకు 1,35,000 లీటర్లు. అనంతపురం లాంటి చోట ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ హాస్టల్ పైకప్పు వెయ్యి చదరపు మీటర్లు అనుకుందాం. ఒక్క చుక్క కూడా పోకుండా పట్టినా ఏడాది మొత్తానికి 5,50,000 లీటర్లు. అంటే ఆ హాస్టల్‌కు నాలుగు రోజులు. ఏడాది వానంతా నాలుగు రోజుల వాడకం! ఇంకుడు గుంతలు వద్దని నేననడం లేదు, నేలంతటి మీద పడే వాన భూమిలోకి దిగాల్సిందే. కానీ మన వాడకం ముందు పైకప్పు వాన ఎంత చిన్నదో ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. వాడిన నీళ్లలో దాదాపు ఎనభై శాతం మురుగ్గా బయటికొస్తుంది. అది రోజూ లక్ష లీటర్ల పైమాటే. వేసవిలోనూ ఆగదు, కరువు సంవత్సరంలోనూ ఆగదు. దాన్ని శుద్ధిచేసి మరుగుదొడ్లకూ మొక్కలకూ మళ్లిస్తే బోరు అంతమేర ఊపిరి పీల్చుకుంటుంది. ఇంకుడు గుంత పక్కన శిలాఫలకం పెట్టుకోవచ్చు, ఫోటో దిగవచ్చు. మురుగు శుద్ధి చేసే చోట ఎవరూ రిబ్బను కత్తిరించరు. అసలైన పని ఎప్పుడూ వెనకే ఉంటుందని నాకు అప్పటి నుంచీ గట్టిగా అనిపిస్తోంది.

కరెంటు సంగతీ అంతే. పాత ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 చిల్లరతో సరిపెట్టుకుంటుంది. ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగే గదిలో ఒక్కోదానికి రోజూ అర యూనిట్ మిగులుతుంది. ఇది తెలియనివాళ్లెవరూ లేరు. అయినా తక్కువ ధర కోట్ చేసిన పాత రకమే వస్తుంది. ఎందుకంటే ఫ్యాను కొనే విభాగం వేరు, ఏళ్లపాటు బిల్లు కట్టే పద్దు వేరు. కొనేటప్పటి ధరతో పాటు తిరిగినన్నాళ్ల కరెంటు ఖర్చును కూడా చూడాలని టెండరు పత్రంలో ఒక్క వాక్యం చేరిస్తే, "లైట్లు ఆర్పండి" అనే వంద పోస్టర్లు చేయలేని పని అది చేస్తుంది.

విద్యాసంస్థలకు నాక్ ఇచ్చే గుర్తింపు ప్రమాణాల్లో ఏడోది హరిత తనిఖీని అడుగుతూ వచ్చింది. మంచిదే. నాక్ బృందం వచ్చే వారంలో పూలకుండీలు వచ్చి, వెళ్లాక మాయమవడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పిల్లలు అది చూస్తారు, చూసి నేర్చుకుంటారు.

అన్నిటికంటే వెనక, అన్నిటికంటే కనిపించని చోట, ఎస్టేట్ విభాగంలో భూమి కాగితాలుంటాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఆరు సూత్రాల పథకం వల్ల పుట్టింది. దాదాపు 2,300 ఎకరాల్లో పరుపుబండలు, తుప్పలు, చెరువులు, చుక్కల దుప్పులు, నెమళ్లు. కానీ అక్కడి భూమి హక్కు విశ్వవిద్యాలయం పేర బదిలీ కాలేదన్నదే తర్వాతి వివాదానికంతటికీ మూలమైంది. అందులో 400 ఎకరాలను 2003లో ఒక క్రీడా అకాడమీ కోసం ఐఎంజీ భారత అనే సంస్థకు కేటాయించారు, 2006లో రద్దు చేశారు. కేసు 2024 దాకా సాగి, భూమి ప్రభుత్వానిదని తేలింది. 2025 మార్చి 30, ఉగాది రోజున, ఆ 400 ఎకరాలున్న కంచ గచ్చిబౌలిలోకి నేల చదునుచేసే యంత్రాలు దిగాయి. సెలవుల్లో కూడా విద్యార్థులు అడ్డు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపమంది.

ఆ రోజుల్లో దేశమంతా ఆ పిల్లల ధైర్యాన్ని చూసింది. నేను మరొకటి కూడా చూశాను. "అక్కడ తుప్పలు తప్ప ఏమున్నాయి" అన్న మాటకు జవాబుగా వాళ్లు జాబితాలు చూపించారు. ఏ చెరువు దగ్గర ఏ పక్షి, ఏ బండ పక్కన ఏ మొక్క అని విద్యార్థులూ పరిశోధకులూ ఏళ్లతరబడి రాసిపెట్టుకున్నవి. ఒక బ్యాచ్ వెళ్లినా తర్వాతి బ్యాచ్ కొనసాగించినవి. ఆ రాతలే లేకపోతే గొంతు చించుకున్నా కోర్టులో చెప్పడానికి ఏముండేది?

విద్యార్థి రెండేళ్లు, మూడేళ్లు ఉంటాడు. వైస్ ఛాన్సలర్ కూడా మూడేళ్లే, మహా అయితే ఐదేళ్లు. పంపు హౌస్ అన్న, మెస్‌లో అక్క, తోటమాలి, లైన్‌మన్ ఇరవై ఏళ్లుగా ఉన్నారు. ఏ పైపు ఎక్కడ కారుతుందో, ఏ వేసవిలో ఏ బోరు ఎండిందో, ఎసరు ఎప్పుడు వృథా అవుతుందో వాళ్లకే తెలుసు. అయినా పర్యావరణం మీద మేం పెట్టుకునే సమావేశాల్లో వాళ్లకు కుర్చీ ఉండదు, టీ తెచ్చిస్తారు. చాలామంది ఏజెన్సీ కింద పనిచేసేవాళ్లు, ఏజెన్సీ మారితే వాళ్లూ పోతారు, వాళ్లకు తెలిసిందంతా పోతుంది.

మా హరిత కమిటీకి కొత్త పేర్లు పంపమన్నప్పుడు మెస్ అక్క పేరు, పంపు హౌస్ అన్న పేరు రాసి పంపాను. అవుట్‌సోర్సింగ్ సిబ్బందిని కమిటీలో వేసే వీలు లేదని ఫైలు తిరిగొచ్చింది. వీలు లేదని ఏ నిబంధనలో ఉందో తెలపమని రాసి, కిందటి నెలలో ట్యాంకు ఏయే రోజుల్లో ఎంతసేపు కారిందో అన్న చెబుతుంటే నా విద్యార్థులు రాసిన పట్టికను జతచేసి, ఫైలు మళ్లీ పైకి పంపాను.