పులస వెళ్లిన పిమ్మటి యానాము

ధవళేశ్వరము దాటిన తరువాత గోదావరి రెండుగా చీలి, పడమటి పాయ వసిష్ఠయై నరసాపురము దెసకు మరలిపోగా, తూర్పు పాయ గౌతమి యను పేర కోనసీమకు ఎల్లయై సాగివచ్చి, సముద్రము ఇంక ఇంచుమించు పది కిలోమీటర్లున్నదనగా ఎడమయొడ్డున ఒక చిన్న పట్టణమును ఒరసికొని, అచ్చటనే కోరంగిపాయను విడిచి, తాను ముందునకు నడచును. ఆ పట్టణము యానాము. 30 చదరపు కిలోమీటర్ల నేల, చుట్టును ఆంధ్రదేశము, మాట తెలుగు, వంట తెలుగు, తగవులును తెలుగువే, ఏలుబడి మాత్రము ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న పుదుచ్చేరిది.

పొరుగూళ్లవారు యానామునకు వచ్చుట చౌకమద్యమునకే యని కొందరు చమత్కరింతురు. అది కేవలము అపవాదమని ఖండించుటకు నాకు ధైర్యము చాలదు. అయినను ఏటికొకమారు, శ్రావణమాసమున ఎగువవానల వరదనీరు ఎర్రబారి వచ్చునప్పుడు, పెద్ద పెద్ద కార్లు ఈ ఊరి సందులలో బారులు తీరుటకు కారణము వేరు. సముద్రమున నున్నంతవరకు విలస యనిపించుకొన్న చేప, గ్రుడ్లు పెట్టుటకై వరదకు ఎదురీది నదిలో ప్రవేశించి, పులస యను గౌరవమును పొందును. రేవున మత్స్యకార స్త్రీలు దానిని వేలమునకు పెట్టుదురు. ఒక్కొక్క చేప వేల రూపాయలు పలుకును. ఒడిశానుండి మంచుపెట్టెలలో దిగిన విలస సైతము ఈ కోలాహలమున పులస పేర చెల్లుబాటగుట లోకమెరిగినదే. కొన్నవాడు దానిని మట్టిదాకలో పులుసు పెట్టించి, బెండకాయలు వేయించి, ఒక రాత్రి నిలువయుంచి, మరునాడు భుజించి, గోదావరిని రుచి చూచితినని పదిమందితో చెప్పుకొనును. ఆ వేడుకను నేను కాదనను. కాని ఏడాదిలో రెండు నెలలు మాత్రమే సాగు ఈ సంబరమును చూచి యానామును చూచితిమనుకొనువారిని తలచినప్పుడు నాకు జాలి కలుగును. ఈ ఊరిని చూడదలచినవారు పులస వెళ్లిపోయిన తరువాత రావలెను.

ఏలయనగా, వరదకాలమున గౌతమిది ఒంటిదారి. సముద్రమున పోటు లేచినను నీటివాలు కొంత మందగించునే కాని వెనుకకు మరలదు. ఉప్పునీరు ఊరి దరిదాపులకు రాజాలదు. కార్తికము వెళ్లునప్పటికి ఎగువను ధవళేశ్వరము బ్యారేజీ తలుపులు మూతపడి, నీరు కాలువలకు మరలి, నదిలో ప్రవాహము సన్నగిల్లును. అప్పుడు సముద్రమునకు అదను దొరకును. దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. నేటి పోటుకంటె రేపటి పోటు ముక్కాలుగంటకు పైచిలుకు ఆలస్యము. పూర్ణిమకును అమావాస్యకును వెనువెంట పెద్దపోటు, అష్టమీనవములకు మందపు పోటు. పోటుతో వచ్చు ఉప్పునీరు బరువైనది గనుక నది అడుగుబట్టి ప్రాకుచు వచ్చును. దాని వీపుమీద తీపినీరు తేలుచుండును. ఒకే చోట, ఒకే క్షణమున, పైన గోదావరి, క్రింద బంగాళాఖాతము. ఈ సంగతి పుస్తకములో చదువవచ్చును. చేతితో తెలిసికొనవలెనన్న మాత్రము జెట్టీమీద కూర్చుండి గాలము వేయవలెను.

మార్గశిర పూర్ణిమ వెళ్లిన విదియనాడు మేము నలుగురము అట్లే కూర్చుంటిమి. ఒకరు ఈ ఊరి పాఠశాలలో బహుకాలము చరిత్ర బోధించి విశ్రాంతి తీసికొనుచున్న మాస్టారు. మరియొకడు కాకినాడలో ఇనుపసామాను కొట్టు నడుపుచున్న నా మేనత్త కొడుకు. మూడవవాడు దరియాలతిప్పకు చెందిన వృద్ధుడు, వేటకు పోవుట మానుకొన్నను నీటిని చూడక నిలువలేనివాడు. మా బావ తెచ్చిన కర్రకు మెరయుచున్న చక్రము, దానికి సన్నని విదేశపు దారము, పెట్టెనిండ రంగురంగుల బొమ్మచేపలు. వృద్ధుని చేతిలో ఒక చెక్కముక్కకు చుట్టిన దారము, ఒక సీసపు గుండు, రెండు గాలములు. బకెట్టులో ప్రాణముతో నున్న రొయ్యలు, కొబ్బరిచిప్పలో వానపాములు. బావ సామాను వంక ఆయన ఒకమారు చూచి, "బాగుందండి" అని మాత్రమనెను.

మంచు విడకముందే పోటు మొదలయ్యెను. పోటు మొదలగుట కంటికి తెలియదు. జెట్టీ గుంజల నానుకొని పల్లమునకు పోవుచున్న చెత్తాచెదారము, గుఱ్ఱపుడెక్క తుంపులు, ఒకచోట ఆగి, తారాడి, మెల్లగా ఎగువకు బయలుదేరును. మొదటి గంటయంతయు జెల్లలదే రాజ్యము. గాలము అడుగు తాకుటయే తడవు, గుంజుకొని పోవును. పైకి తీసిన పిదప గురగురమని గొణుగును. వీపున ఒకటి, మెడకు ఇరుప్రక్కల ఒక్కొక్కటి, ముండ్లు మూడు. ఆ మూడింటిని తప్పించి పట్టుకొను విద్య తెలియనివాడు దానిని ముట్టరాదు. గుచ్చుకొన్నచో చేయి ఓర్చుకొనునంత వేడినీట ముంచియుంచుటయే ఇచ్చటివారు చేయు చికిత్స. వృద్ధుడు ముండ్లకు వెనుకనుండి రెండు వ్రేళ్లు పోనిచ్చి, గాలము నూడదీసి, ఒక్కొక్క జెల్లను తిట్టుచు బుట్టలో వేయుచుండెను. తిట్లు ఇచ్చట వ్రాయదగినవి కావు.

పైదారమునకు వానపాము కట్టి ఒక మూరలోతున బెండుతో తేలవేసిన మాస్టారికి చిన్న చిన్న పరిగలు పడుచుండగా, అడుగున రొయ్యను దించిన వృద్ధునికి గొరకలు, ఇసుకదొందులు దొరకుచుండెను. ఇద్దరి గాలములకు నడుమ దూరము రెండు బారలు. ఒకరిది నది, ఒకరిది కడలి. పై నీటిని దోసిట పట్టి పుక్కిలించితిని: చప్పన. బావ సీసాకు బరువు కట్టి అడుగునకు దింపి, తాడుతో బిరడా లాగి, నింపి పైకి తీసిన నీరు నాలుకపై చిటికెడు వేసికొన్నంతనే ఉమ్మివేయవలసి వచ్చెను.

గాలము వేసినవానికి పనికంటె నిరీక్షణ హెచ్చు, నిరీక్షణకు మాటలు తోడు. ఎదుట ఎదుర్లంక, దానికిని దీనికిని నడుమ గౌతమిపై నిలిచియున్న వారధికి ఆ ఎదుర్లంకలోనే పుట్టి లోకసభాధ్యక్షుడైన బాలయోగి పేరు. అది 2002లో తెరవబడినది. అంతకుముందు ఈ రేవున పంటు మీదనే బండ్లు, మనుష్యులు, కొబ్బరికాయలు, పెండ్లివారు దాటవలసియుండెను. పెండ్లివారనగానే మాస్టారికి హుషారు పుట్టెను. బాల్యవివాహములను నిషేధించు శారదాచట్టము 1930లో బ్రిటిషు ఇండియాలో అమలునకు వచ్చినప్పుడు, ఆ చట్టము అప్పటికి ఫ్రెంచివారి ఏలుబడిలో నున్న ఈ నేలకు వర్తింపకుండుటచే, చుట్టుప్రక్కల జిల్లాలనుండి సంప్రదాయపరులు పసిబిడ్డలను పల్లకీలలో తెచ్చి ఇచ్చట ముడివేసి తీసికొనిపోయిరి. "స్వేచ్ఛా సమానత్వాలు చెప్పినవాళ్ల జెండా కిందండి!" అని మాస్టారు నవ్విరి. ఆ నవ్వులో వేళాకోళముకంటె రోత హెచ్చుగా నుండెను.

ఫ్రెంచివారు ఇచ్చట కోఠీ పెట్టినది 1723లో. గిట్టుబాటు కాక కొన్నేండ్లకే వదలి, 1731లో మరల వచ్చిరి. ఐరోపాలో ఫ్రెంచివారును ఆంగ్లేయులును కయ్యమాడినప్పుడెల్ల ఆంగ్లేయులు దీనిని పట్టుకొనుట, సంధి కుదిరినప్పుడెల్ల విడుచుట, 1814 పారిసు సంధి వరకు ఇదే వరుస. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య మొదలగువారి నాయకత్వమున జనము ప్రభుత్వభవనముపై జాతీయపతాకము నెగురవేసిరి. ఆ సంవత్సరము నవంబరు 1న పాలన భారతదేశమునకు వచ్చినది. ఫ్రెంచి శాసనసభ ఆమోదించి కాగితముల పని ముగియునప్పటికి 1962 ఆగస్టు 16 అయ్యెను. ఇన్ని తారీఖులు ఒక్క గ్రుక్కలో చెప్పిన మాస్టారు, తమ బెండు ఎప్పుడు మునిగినదో చూచుకొనలేదు. ఎర తిని చేప పోయినది.

జామున్నర ప్రొద్దెక్కినప్పటికి పోటు నిండెను. బావ తన రంగుబొమ్మను విసరి విసరి విసుగెత్తి, "ఇందులో పండుగప్ప లేదు తాతా" అనెను.

"ఇంకా నీరు ఎక్కుతూనే ఉందండి. నిలబడనివ్వండి. అది తొందరపడే చేప కాదు."

నీరు నిలిచెను. పోటునకును పాటునకును నడుమ నుండు ఆ కొద్దిసేపు నదిమీద ముడుత యైనను కనబడదు. వృద్ధుడు బకెట్టులోనుండి చురుకైన రొయ్య నొకదానిని ఏరి, తోకకు పైకణుపున గాలము గ్రుచ్చి, దాని ప్రాణము పోకుండ, జెట్టీ గుంజ ప్రక్కనే, నీడ పడుచున్న వైపున దించెను. దూరముగా విసరలేదు, అది పొంచియుండునది గుంజల నీడలోనే యని ఆయన యెరుగును. దారమును చూపుడువ్రేలిమీద వేసికొని కన్నులు మూసికొనెను. ఎంతసేపైనదో, వ్రేలు ఒకమారు వణికెను. ఆయన లాగలేదు. రెండవమారు దారము గబగబ జారెను. అప్పుడు మణికట్టు త్రిప్పి ఒక్క గుంజు గుంజినంతనే, వెండిపళ్లెమంత మెరపు నీటిపైకి లేచి, నోరు తెరచి, తల విదిల్చి, ఢామ్మని పడెను. గుంజలను కరచియున్న ఆల్చిప్పలు కత్తులవంటివి. దారము వానికి తగిలినచో తెగిపోవును. అందుచే ఆయన జెట్టీ అంచువెంబడి పరుగిడి, చేపను బయలునీటికి మరల్చి, వదలుచు, లాగుచు, చివరకు మా బావ చేతిలోని గుండ్రని వలలోనికి దింపెను. రెండుమూడు కిలోలకు తక్కువ యుండదు.

పండుగప్ప నడక పులసకు సరిగా తలక్రిందులు. పులస సముద్రమున పెరిగి, సంతానమునకై నదికి ఎక్కును. పండుగప్ప ఈ పాయలలో, మడుగులలో పెరిగి, సంతానమునకై నదీముఖపు ఉప్పునీటికి దిగును. మరియు అది మగదిగా యౌవనమునకు వచ్చి, కొన్నియేండ్లకు పెరిగి ఆడదియగును. నేను దీనిని చెప్పగా బావ నమ్మలేదు; వృద్ధుని సాక్ష్యమడిగెను. "పెద్దవన్నీ ఆడవేనండి. మా నాయన కాలం నుంచీ కోసి చూస్తున్నాం" అని ఆయన బీడీ వెలిగించుకొనెను.

మధ్యాహ్నము పాటు తీసెను. నీరు తగ్గిన కొలదిని ఒడ్డున బురద బయలుపడి, మండపీతలు బొరియల నోళ్లకు వచ్చినవి. దిగువను కోరంగిపాయ ఒడ్డుల మడచెట్ల వేళ్లు ఆకాశమునకు పొడుచుకొని కనబడును. ఆ అడవి 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యము, 1978లో ప్రకటింపబడినది, చేపలు పట్టి తిను నీటిపిల్లులు అందున్నవి, కాని పగటివేళ దర్శనమీయవు. దాని ప్రక్కనున్న కోరంగి ఒకనాడు ఓడలు కట్టిన రేవు; 1839 నవంబరు ఉప్పెన దాని వైభవమును తుడిచివేసినది. మడ అడ్డుగా నున్నచోట ఉప్పెన వేగము తగ్గునని, ఆ వేళ్ల నడుమనే చేపపిల్లలు పెరుగునని ఒడ్డువారందరును చెప్పుదురు.

ఆ పిల్లలను గూర్చియే ఒక మాట చెప్పకతప్పదు. దసరా దాటి తూర్పుగాలి తిరిగినప్పుడు సన్నని దారపుపోగులవంటి మీనశిశువులు గుంపులుగా నదీముఖమునకు వచ్చును. చీరలను వలలుగా చేసి పట్టుదురు గనుక చీరమేను అందురు. గ్లాసులతో, బకెట్లతో కొలిచి అమ్ముదురు. చింతచిగురుతోనో, గారెలుగానో వండుదురు. రుచికి సాటిలేదు, నేను తినినవాడనే. అయినను ఒక బకెట్టెడు చీరమేనులో రేపటి పడవెడు చేపలున్నవన్న సంగతి మరువరాదు. వృద్ధుని అడిగితిని. "తప్పేనండి. కానీ ఆ నెల్లాళ్లూ ఇల్లు గడిచేది దాంతోనే కదండీ" అనెను. మీసములు త్రిప్పి ఉపన్యసించుట కొన్నవారికి సులభము, పట్టినవారికి కాదు. ఆ నెలకు వేరొక ఆధారము చూపి, అప్పుడు ఆపుమనుట న్యాయము.

పండుగప్పను మాస్టారి ఇంట కోసిరి. తల పులుసునకు, నడుము ముక్కలు వేపుడునకు. పులసకున్న ముండ్ల బెడద దీనికి లేదు; మాంసము తెల్లగా పొరలుపొరలుగా విడిపోవును. మా బావ ఇప్పటికిని పులసయే గొప్పదని వాదించును. ధరను బట్టి చూచినచో ఆతడే గెలిచినట్లు. కంచమును బట్టి చూచినచో నేను ఒప్పుకొనను.

రాదలచినవారు పంచాంగము చూచుకొని, మార్గశిర పుష్యమాసములలో, పూర్ణిమయో అమావాస్యయో వెళ్లిన మరునాటినుండి మూడునాలుగు దినములలోపల రండు. కాకినాడనుండి బస్సులో గంట ప్రయాణము. దారము, గాలములు బజారులోనే దొరకును, విదేశపు చక్రములు తేనక్కరలేదు. ప్రాణముతో నున్న రొయ్యలు మాత్రము తెల్లవారకముందే రేవునకు పోయి కొనుక్కొనవలెను. ఎండ ఎక్కిన తరువాత మిగులవు.