ముందు మా దగ్గరకు రండి

నాట్లు మొదలయ్యాయంటే దివిసీమలో పాముకాట్లూ మొదలైనట్టే. బందరు, గుడివాడ మాగాణుల్లోనూ అంతే. 2018 ఆగస్టులో అవనిగడ్డ ఆసుపత్రికి కాటు కేసులు వరసబెట్టి వస్తుంటే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్పయాగం చేయించారు. దేవుడికి దణ్ణం పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. డాక్టరుగా నా కోపమల్లా ఆసుపత్రిని దాటుకుని మంత్రగాడి ఇంటికి పరుగెత్తేవాళ్ళ మీద.

కోడూరు వైపు నుంచి ఒక రైతును తెల్లవారుజామున తెచ్చారు. "రాత్రే పురుగు ముట్టింది బాబూ. మంత్రం వేయించాం, పసరు పోయించాం" అంది భార్య. కాలు తొడదాకా వాచింది, చిగుళ్ళ వెంట రక్తం. పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచాను. గడ్డకట్టాల్సిన రక్తం నీళ్ళలా జారింది. రక్తపింజర! విరుగుడు ఎక్కించాం. మూత్రం ఆగిపోయింది, డయాలసిస్‌కి విజయవాడ పంపాం. బతికాడు.

విరుగుడు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది గానీ, అప్పటికే పాడైన మూత్రపిండాన్ని బాగుచెయ్యలేదు. ఆ రాత్రంతా పోగొట్టుకున్నది అదే. కట్లపాము ఇంకా మోసం: కాటు దగ్గర నొప్పి పెద్దగా ఉండదు, వాపూ ఉండదు, రెప్పలు వాలిపోయి ఊపిరి ఆగుతుంది. మరి మంత్రంతో బతికినవాళ్ళో? చాలా పాములకు విషమే లేదు. విషపాము కూడా ప్రతి కాటుకీ విషం వదలదు. వాళ్ళంతా మంత్రం ఖాతాలో పడతారు.

అయినా ఎందుకు వెళతారు? మంత్రగాడు కాలు ఒళ్ళో పెట్టుకుంటాడు. ఎవరబ్బాయివని అడుగుతాడు. "నీకేం కాదు, నేనున్నా" అంటాడు. మన వార్డులో ముందు వినపడేది "బయట నిలబడండి" అన్న అరుపు. చావు భయంతో వణికే మనిషికి సూది ఎంత అవసరమో ఆ మాటా అంతే అవసరం. సెలైన్ పెడుతూనే మాట్లాడమని మా కుర్ర డాక్టర్లకు చెబుతాను. ఆ గాజు గొట్టాన్ని ఇంటివాళ్ళకూ చూపిస్తాను. రైతు భార్య కూడా వంచి చూసింది; ఆ తర్వాత ఒక్క ప్రశ్న వెయ్యకుండా చికిత్సకు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది.

ఇప్పుడు మంత్రగాళ్ళ ఇళ్ళకే వెళుతున్నాను. "మీ మంత్రం మానొద్దు, ఆటోలో పక్కన కూర్చుని ఆసుపత్రికి వచ్చే దారిలో వెయ్యండి" అంటున్నాను. ఒకరిద్దరు సరేనన్నారు. కోడూరు వైపు ఆయన ఇంకా ఒప్పుకోలేదు. నాట్లలోపు మళ్ళీ వెళ్ళాలి.