కోరిడానోళ్లు ఏరి?

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి గోదావరిఖని వచ్చేశాను. పగలు ల్యాప్‌టాప్‌లో ఆఫీసు, రాత్రి అదే ల్యాప్‌టాప్‌లో స్టార్ ట్రెక్. బాపు రిటైరై అప్పటికి మూడేళ్లు. ముప్పై రెండేళ్లు బాయిల దిగిన మనిషి, నిద్ర ఇంకా షిఫ్టుల లెక్కనే. నైట్ షిఫ్ట్ వారం వచ్చినట్టు అర్ధరాత్రి లేచి వచ్చి నా పక్కన కూర్చునేవాడు.

"గీళ్లల్ల మనోళ్లెవలురా?" అన్నాడు మొదటిరోజు.

అది 2001 నుంచి 2005 దాకా వచ్చిన 'ఎంటర్‌ప్రైజ్' సిరీస్. కథ జరిగేది 22వ శతాబ్దంలో. మనోళ్లంటే మనుషులు, అంతరిక్షంలోకి నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు. 2063లో భూమ్మీద దిగిన వల్కన్లు దాదాపు తొంభై ఏళ్లుగా "మీకింకా టైమ్ రాలేదు" అంటూ ఆపుతుంటారు. వల్కన్లకూ ఆండోరియన్లకూ పడదు. ఆండోరియన్లకూ టెల్లరైట్లకూ అసలే పడదు. అయినా 2161లో పుట్టబోయే ఫెడరేషన్‌కి వీళ్లందర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టేది మనుషులే. వాళ్ల గొప్పతనమేం లేదు, పాత పగలు లేనిది వాళ్లకే. 'యునైటెడ్' అనే ఎపిసోడ్‌లో ఆండోరియన్ కమాండర్ ష్రాన్ ఒక టెల్లరైట్‌ని ద్వంద్వయుద్ధానికి పిలుస్తాడు. ఇద్దరిలో ఎవరు చచ్చినా చర్చలు ఆగిపోతాయని, టెల్లరైట్ బదులు కెప్టెన్ ఆర్చర్ తనే దిగుతాడు. ష్రాన్‌ని చంపకుండా, తలమీది కొమ్ములాంటి యాంటెనా ఒకటి కోసి వదిలేస్తాడు.

బాపు నవ్వాడు. "మా సర్దార్ గిట్లనే. ఖాళీ టబ్బుల కోసం ఫిల్లర్లు కొట్టుకుంటుంటే నడుమల జొర్రేటోడు. ఒడిశాయన. ఈడ ఆయనకు సుట్టం లేడు, పగోడు లేడు."

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత 'డెమన్స్', 'టెర్రా ప్రైమ్' వచ్చాయి. కూటమి చర్చలు జరుగుతుండగా, పరాయి గ్రహాలవాళ్లంతా వెళ్లిపోవాలని పాక్స్‌టన్ అనే మనిషి తిరగబడతాడు. అతని స్థావరం చంద్రుడి మీది ఒక గని. వాడిని బాపు తిడతాడనుకున్నాను.

"ఆడు చెప్పేదాంట్ల తప్పేమున్నదిరా? ఓపెన్‌కాస్ట్‌ల లారీలు నడిపెటోళ్లు బయటోళ్లు. మన పోరగాండ్లు చౌరస్తాల నిలవడ్డరు."

"మరి మీ సర్దార్ బయటోడే గదా బాపూ."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆయన మాతోని దిగిండు" అన్నాడు.

వాదించొచ్చు. కానీ నా ప్రాజెక్టు వచ్చిన దేశంలో నా గురించీ ఎవరో ఇదే మాట అంటుంటారు, ఆ ఊరి పోరగాండ్లూ ఎక్కడో నిలబడే ఉంటారు. ఆ సంగతి బాపుకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

మర్నాడు ఏదో సర్దిచెప్పాలన్నట్టు, పాత సిరీస్‌లోని 'జర్నీ టు బాబెల్' పెట్టాను. 1967 నాటిది, రంగు పూసిన మొహాలు, అట్టముక్కల సెట్లు. కథలో ఫెడరేషన్ అప్పటికే వందేళ్లది. కోరిడాన్ అనే గ్రహాన్ని చేర్చుకోవాలా వద్దా అని రాయబారులంతా ఓడలో పోతూ తగువులాడుకుంటారు. అక్కడ ఓడల ఇంజన్లకు కావలసిన డైలిథియం బోలెడు, జనం తక్కువ, కాపలా లేదు. ఎవరెవరో వచ్చి దొంగతనంగా తవ్వుకుపోతున్నారు. చేర్చుకుంటే ఆ సంపద అక్కడివాళ్లకే దక్కుతుందంటాడు వల్కన్ రాయబారి సారెక్. వద్దన్న టెల్లరైట్ రాయబారి హత్యకు గురవుతాడు.

బాపు హత్యను పట్టించుకోలేదు.

"కోరిడానోళ్లు ఏరి?"

"అంటే?"

"తవ్వేది వాళ్ల బాయేనాయె. గీ పంచాయితీల వాళ్లెవలు మాట్లాడుతరు?"

ఈ ఎపిసోడ్ నేను ఎన్నిసార్లు చూశానో. మొత్తం గుర్తు చేసుకున్నాను. ఒక్కడూ లేడు.

"ఎనుకకు తిప్పు" అన్నాడు. రాయబారులంతా గ్లాసులు పట్టుకుని నిలబడ్డ విందు సీను దగ్గర ఆపించాడు. కళ్లద్దాలు తుడుచుకుని, స్క్రీన్‌కి దగ్గరగా జరిగి, ఒక్కో మొహం చూడటం మొదలుపెట్టాడు.