బ్రూనో వేషంలో బ్రూనో

వ్యాఖ్యాత ఎవరి పక్షమూ వహించకూడదని నియమం. బీబీసీలో బాక్సింగ్ వ్యాఖ్యాత హ్యారీ కార్పెంటర్ ఆ నియమాన్ని ఏళ్ల తరబడి పాటించిన పెద్దమనిషి. 1989 ఫిబ్రవరి 25న లాస్ వేగాస్‌లో ఆ పెద్దరికం కాస్తా గాలికి పోయింది. రింగులో ఒకవైపు మైక్ టైసన్. అప్పటికింకా ఓటమి ఎరగడు. అతని ముందుకొచ్చేవాళ్లలో చాలామంది గంట మోగకముందే సగం ఓడిపోయి ఉండేవాళ్లు. ఇంకోవైపు లండన్ నుంచి వచ్చిన ఫ్రాంక్ బ్రూనో. మొదలైన కాసేపటికే బ్రూనో కిందపడ్డాడు, లేచాడు. ఇక అయిపోయిందనుకుంటుండగా అదే రౌండులో అతని ఎడమచేతి దెబ్బ ఒకటి టైసన్‌కి గట్టిగా తగిలింది. టైసన్ కాళ్లు తడబడ్డాయి. కార్పెంటర్ ఆగలేకపోయాడు. మీద పడు ఫ్రాంక్, మీద పడు అంటూ మైకులోనే కేక పెట్టేశాడు.

ఫ్రాంక్ మీద పడలేదు. పడ్డా ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? ఐదో రౌండులో రిఫరీ అడ్డొచ్చి పోటీ ఆపేశాడు. టైసన్ బెల్టు టైసన్ దగ్గరే ఉంది. అయినా ఇంగ్లండులో ఆ ఒక్క దెబ్బని తలుచుకునేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. ఓడిన పోటీలో తగిలిన ఒక్క దెబ్బని తరాలపాటు దాచుకోవడం ఆ దేశానికి అలవాటే. బ్రూనో కంటే ముందు హెన్రీ కూపర్ ఉన్నాడు. 1963లో వెంబ్లీలో కూపర్ కొట్టిన దెబ్బకి, తర్వాత మహమ్మద్ అలీ అయిన క్యాషియస్ క్లే అంతటివాడు కూలబడ్డాడు. తర్వాతి రౌండులో కూపర్‌కి కంటి దగ్గర చిట్లి, రక్తం కారి, పోటీ క్లే గెలిచాడు. జనం మాత్రం కూపర్‌ని బతికినంతకాలం నెత్తిన పెట్టుకున్నారు.

బ్రూనో లెక్క తీస్తే ఓడిపోయినవాడి లెక్కలా కనిపించదు. 45 పోటీలు ఆడాడు. 40 గెలిచాడు. అందులో 38 నాకౌట్లు, అంటే జడ్జీల పాయింట్ల దాకా వెళ్లి గెలిచినవి రెండే. ఓడినవి ఐదు. ఆ ఐదూ జేమ్స్ స్మిత్, టిమ్ విదర్‌స్పూన్, లెన్నాక్స్ లూయిస్, రెండుసార్లు టైసన్ చేతిలో. వీళ్లంతా అప్పటికో ఆ తర్వాతో ప్రపంచ టైటిల్ పట్టినవాళ్లే. అల్లాటప్పా మనిషి చేతిలో బ్రూనో ఒక్కసారి కూడా ఓడలేదు. నలభై గెలుపుల్లో నాలుగింటి పేర్లు చెప్పమంటే ఇంగ్లండులో తడుముకునేవాళ్లు ఎందరో ఉంటారు. ఐదు ఓటముల్ని మాత్రం గడగడా అప్పజెబుతారు.

అతను 1961 నవంబర్ 16న పశ్చిమ లండన్‌లోని హామర్‌స్మిత్‌లో పుట్టాడు. తండ్రిది డొమినికా, తల్లిది జమైకా. కరేబియన్ దీవుల నుంచి బతుకుతెరువుకి బ్రిటన్ చేరిన తరం వాళ్లది. తల్లి లినెట్ నర్సుగా పనిచేసింది, పెంతెకొస్తు చర్చిలో బోధ కూడా చేసేది. పిల్లల్లో చిన్నవాడైన ఫ్రాంక్ ఇంటికి మించిన బలంతో, బడికి మించిన అల్లరితో పెరిగాడు. చివరికి అతన్ని ససెక్స్‌లోని ఓక్ హాల్ అనే వసతి బడికి పంపారు. చేయిదాటిపోతున్న పిల్లల్ని దారిలో పెట్టే బడి అది. అక్కడుండగానే తండ్రి చనిపోయాడు. అమెచ్యూర్‌గా 21 పోటీలాడి 20 గెలిచాడు. 1980లో పద్దెనిమిదేళ్ల వయసుకే ఇంగ్లండు అమెచ్యూర్ హెవీవెయిట్ టైటిల్ కొట్టాడు. ఆ టైటిల్ అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరికీ దక్కలేదు.

ప్రొఫెషనల్ అవుదామంటే కన్ను అడ్డొచ్చింది. కుడికంటికి హ్రస్వదృష్టి, లైసెన్సు ఇచ్చేది లేదన్నారు. అప్పట్లో ఆ దోషానికి ఆపరేషన్ చేసేవాళ్లు ప్రపంచంలోనే అరుదు. ఆ కుర్రాడు కొలంబియా రాజధాని బొగోటా దాకా వెళ్లి కన్ను బాగుచేయించుకొచ్చాడు. కంటినీ ముఖాన్నీ దెబ్బలకి ఒప్పజెప్పే వృత్తిలోకి రావడానికి, ముందు ఆ కంటికే ఆపరేషన్! బాక్సింగులో ఇలాంటి విడ్డూరాలకి కొదవలేదు. 1982 మార్చి 17న రాయల్ ఆల్బర్ట్ హాల్లో మొదటి ప్రొఫెషనల్ పోటీ, మొదటి రౌండులోనే గెలుపు. మేనేజరు టెర్రీ లాలెస్. అతని జిమ్ తూర్పు లండన్‌లోని క్యానింగ్ టౌన్‌లో, రాయల్ ఓక్ అనే పబ్బు పైన ఉండేది. కింద బీరు, పైన చెమట.

మొదటి 21 పోటీలూ వరసగా గెలిచాక 1984 మేలో 'బోన్‌క్రషర్' స్మిత్ ఎదురయ్యాడు. ఎముకలు విరిచేవాడని ముద్దుపేరు. తొమ్మిది రౌండ్ల వరకు బ్రూనోదే పైచేయి. పదో రౌండే ఆఖరిది. ఆ ఆఖరి మూడు నిమిషాల్లో స్మిత్ అతన్ని పడగొట్టేశాడు. 1986 జులైలో వెంబ్లీ స్టేడియంలో విదర్‌స్పూన్ మీద మొదటి ప్రపంచ టైటిల్ పోటీ. అక్కడా నెగ్గుకొస్తున్నట్టే కనిపించి, పదకొండో రౌండులో ఆగిపోయాడు. అతని లోపం జబ్బల్లో లేదు, గుండెలో అసలే లేదు. ఎడమచేతి జాబ్ దెబ్బ ఇనుప దూలంలా ఉండేది. గట్టి దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఏం చేయాలో ఒంటికి తోచేది కాదు. ఆరితేరిన బాక్సర్ అలాంటప్పుడు ఎదుటివాణ్ణి కావలించుకుంటాడు, మోకాలు ఆన్చి ఎనిమిది అంకెల ఊపిరి దక్కించుకుంటాడు. అందులో కాస్త దొంగబుద్ధి కావాలి. బ్రూనోకి అది లేదు. తాళ్లకి ఆనుకుని నిటారుగా నిలబడిపోయి దెబ్బలన్నీ తినేవాడు. చూసేవాళ్లకి మనసు విలవిల్లాడేది. జనం ప్రేమకి మూలం అక్కడే ఉందని నా అనుమానం.

ఇంకో మూలం అతని నవ్వు. ఛాతీ లోతు నుంచి లేచే నవ్వు. పోటీ అయ్యాక కార్పెంటర్ మైకు పట్టుకొస్తే ప్రతి మాటకీ చివర 'తెలిసిందిగా హ్యారీ' అని తగిలించేవాడు. ఆ మాట దేశమంతా పాకింది. మిమిక్రీ వాళ్లకి తిండి పెట్టింది. సాసు సీసాల ప్రకటనల్లో బ్రూనో, టీవీ హాస్య కార్యక్రమాల్లో బ్రూనో. 1990లో రాణి గారి చేతి బిరుదు ఎంబీఈ కూడా వచ్చింది. క్రిస్మస్ రోజుల్లో ఇంగ్లండు ఊరూరా పాంటోమైమ్ నాటకాలు ఆడతారు. మగవాళ్లు ఆడవేషాలు కడతారు, స్టేజీ మీద దుష్టుడు కనపడగానే పిల్లలంతా వెనక చూడు వెనక చూడని అరుస్తారు. బ్రూనో అల్లావుద్దీన్ కథలో భూతం వేషం కట్టాడు. ఆరడుగుల మూడంగుళాల బాక్సర్ తళుకుల బట్టల్లో, నవ్వుకుంటూ!

తిండికోసం వేషం కట్టడం తప్పేమీ కాదు. అయితే మన పగటివేషగాడు సాయంత్రానికి రంగు కడుక్కుని తన పేరుతో ఇంటికి పోతాడు. బ్రూనో కట్టిన వేషం బ్రూనోయే. దాన్ని ఎక్కడ విప్పి ఎక్కడ తగిలించాలి? కిరాణా కొట్టుకెళ్లినా, పెట్రోలు పోయించుకున్నా ఎదుటివాడు అడిగేది ఆ నవ్వే. నవ్వకపోతే ఏమైంది ఫ్రాంక్, ఒంట్లో బాలేదా అంటారు.

ఆ నవ్వుకి ఇంకో వెల కూడా ఉంది. 1981లో లండన్‌లోని బ్రిక్స్‌టన్ వీధులు అల్లర్లలో తగలబడ్డాయి. నల్లజాతి కుర్రాడంటే పోలీసులకి అనుమానం, పత్రికలకి భయం. ఆ కాలంలో యూనియన్ జాక్ జెండాలూపే తెల్లవాళ్ల గుంపులు ఒక నల్ల యువకుడి పేరు లయకట్టి పాడాయి. సంతోషించదగ్గదే. కానీ కోపం రాని నల్లవాణ్ణి ఇష్టపడటం సులభమని గొణిగినవాళ్లూ ఉన్నారు. 1993 అక్టోబర్ 1న కార్డిఫ్‌లో బ్రూనో, లెన్నాక్స్ లూయిస్ ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం తలపడ్డారు. బ్రిటన్‌లో పుట్టిన ఇద్దరు ఆ టైటిల్ కోసం పోరాడటం అదే మొదలు. పోటీకి ముందు లూయిస్ అతన్ని 'అంకుల్ టామ్' అన్నాడు. తెల్లవాడి మెప్పుకోసం తోక ఊపేవాడని తిట్టు. లూయిస్ కూడా లండన్‌లోనే పుట్టాడు, కెనడాలో పెరిగాడు, ఒలింపిక్ బంగారం కెనడాకి తెచ్చాడు. బాక్సింగులో అతనిదే పైస్థాయి, అందులో నాకు సందేహం లేదు. ఏడో రౌండులో బ్రూనోని ఆపేశాడు కూడా. బ్రిటిష్ జనం మాత్రం లూయిస్‌ని గౌరవించి, బ్రూనోని ప్రేమించారు.

ఆ తిట్టు ఎంత లోతుగా దిగిందో రెండేళ్ల తర్వాత బయటపడింది. 1995 సెప్టెంబర్ 2, వెంబ్లీ స్టేడియం. నాలుగో ప్రయత్నం, ముప్పై మూడేళ్ల వయసు. ఎదురుగా ఆలివర్ మెకాల్, అంతకు ఏడాది ముందు లూయిస్‌ని రెండో రౌండులో కూల్చి డబ్ల్యూబీసీ ప్రపంచ టైటిల్ బెల్టు గుంజుకున్నవాడు. ఈసారి బ్రూనో జీవితంలో అలవాటు లేని పని చేశాడు. ఓపికగా పాయింట్లు కూడబెట్టాడు, గట్టెక్కాల్సి వచ్చినప్పుడు సిగ్గుపడకుండా మెకాల్‌ని కావలించుకున్నాడు. చివరి రౌండ్లలో మెకాల్ విరుచుకుపడుతుంటే స్టేడియానికి స్టేడియం స్మిత్ పోటీని తలుచుకుని బిక్కచచ్చింది. పన్నెండో రౌండు గంట మోగింది, బ్రూనో నిలబడే ఉన్నాడు. ముగ్గురు జడ్జీలూ అతనికే ఇచ్చారు. 38 నాకౌట్ల మనిషికి ప్రపంచ కిరీటం పాయింట్ల మీద వచ్చింది. మైకు ముందు అతను ఏడ్చేశాడు. ఏడుస్తూ అన్న మాటల్లో తాను అంకుల్ టామ్ కాదన్నది ఒకటి. కిరీటం పెట్టుకున్న రాత్రి, అందరూ సంబరాల్లో ఉండగా, అతను రెండేళ్ల నాటి మాటకి జవాబు చెప్పుకుంటున్నాడు. ఆ పూట నవ్వుల బ్రూనో ఎక్కడా లేడు.

ఆరునెలలు దాటాయో లేదో, 1996 మార్చి 16న మళ్లీ లాస్ వేగాస్, మళ్లీ టైసన్. రింగు దాకా నడిచే దారిపొడవునా బ్రూనో పదేపదే శిలువ గుర్తు వేసుకుంటూనే వచ్చాడు. చూసినవాళ్లకి ఫలితం అప్పుడే తెలిసిపోయింది. మూడో రౌండుతో ముగిసింది. కన్ను మళ్లీ దెబ్బతింది. ఇంకా ఆడితే చూపు పోతుందని డాక్టర్లు చెప్పడంతో ఆట మానేశాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. అందరూ చేరదీసే వయసు పోయింది, విశ్రాంతి తీసుకునే వయసు రాలేదు.

తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటే చేజారిపోయాయి. 2001లో భార్య లారాతో విడాకులయ్యాయి. చివరి ఏళ్లలో శిక్షణ ఇచ్చిన జార్జ్ ఫ్రాన్సిస్ 2002లో ఆత్మహత్య చేసుకున్నాడు. తాను కొకైన్ వాడానని, అది కూడా తన మనసు చెదరడానికి కారణమని బ్రూనో తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఎసెక్స్‌లోని ఇంటి ఆవరణలో రింగు వేయించుకుని రాత్రుళ్లు అందులోనే పడుకునేవాడని వార్తలొచ్చాయి. 2003 సెప్టెంబర్‌లో మానసిక ఆరోగ్య చట్టం కింద అతన్ని గుడ్‌మేయస్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. జబ్బు బైపోలార్ డిజార్డర్. ఉత్సాహం కట్టలు తెంచుకునే రోజులు కొన్ని, మంచం దిగలేని రోజులు కొన్ని.

మర్నాటి 'సన్' పత్రిక మొదటి ప్రతుల్లో మొదటి పేజీ హెడ్డింగు, మన పేపరు భాషలో చెప్పాలంటే, 'పిచ్చి బ్రూనోకి తాళం' అన్న తీరుది. ఏళ్ల తరబడి అతని నవ్వుతో కాపీలు అమ్ముకున్న ఆ పత్రిక ఇదీ ఆ తమాషాలో భాగమే అనుకుంది. పాఠకులు అనుకోలేదు. మానసిక ఆరోగ్య సంస్థలు, మామూలు జనం విరుచుకుపడ్డారు. తర్వాతి ప్రతుల్లో హెడ్డింగు మార్చి జాలి చూపించారు. ఆ వెంటనే మానసిక రోగుల కోసం ఒక నిధి కూడా మొదలుపెట్టారు. అది పశ్చాత్తాపమో, వ్యాపారమో, ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు. నాకు తోచేదేమిటంటే, అతన్ని బొమ్మ చేసి ఆడుకున్న ఆ ప్రేమే ఆ పూట అతనికి కాపలా కాసింది. మంచి బాక్సర్లు చాలామందికి మతి చలించింది, వాళ్లకోసం పత్రిక హెడ్డింగు మార్చినవాళ్లు లేరు.

2012లో మళ్లీ ఆసుపత్రి తప్పలేదు. బయటికొచ్చాక బ్రూనో ముందు కంటే గట్టిగా మాట్లాడసాగాడు. మాత్రలు మింగించి మనిషిని మొద్దుబార్చడం వైద్యం కాదని, ఒళ్లు అలిసేలా వ్యాయామం చేస్తేనే తనకి నిద్ర, నిలకడ దొరుకుతాయని అతని వాదన. ఈ విషయంలో అతని మాటని నేను పూర్తిగా తలకెత్తుకోను. బైపోలార్ ఉన్నవాళ్లలో మందులు మానేసి మళ్లీ మొదటికొచ్చినవాళ్లు ఎంతోమంది. కానీ ఆసుపత్రిలో మంచానికి ఇవతలున్న మనకంటే, అవతలున్న అతని ఫిర్యాదుకి ఎక్కువ బరువుంది. తన పేరుమీదే ఒక సంస్థ పెట్టాడు. మనసు కుదుటపడనివాళ్లకి బాక్సింగు కసరత్తు నేర్పి, పక్కనే కూర్చుని మాట్లాడే పద్ధతి వాళ్లది. దానికి 'రౌండ్ బై రౌండ్' అని పేరు. కసరత్తంతా ఉంటుంది, కొట్టుకోవడం మాత్రం ఉండదు.

2021లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ కోసం టైసన్, బ్రూనో మళ్లీ కలిశారు. ఇద్దరూ యాభై దాటినవాళ్లు. ఇద్దరి మనసులూ బాగా దెబ్బలు తిన్నవే. 1989లో ఆ మొదటి రౌండు ఎడమచేతి దెబ్బ మాట వచ్చినా రాకపోయినా, ఇంగ్లండులో ఏ పబ్బులోనైనా ఆ సంగతి ఇంకా తేలలేదు. అప్పుడు మీద పడి ఉంటే అని ఒకడు మొదలుపెడతాడు. పడ్డా టైసనే గెలిచేవాడని ఇంకొకడు అంటాడు. ఈ రెండోవాడిదే నిజమని నాకు తెలుసు, అయినా నేనెప్పుడూ మొదటివాడి పక్కనే కూర్చుంటాను.