మొదలు నూగు చూసినవా?



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఇది మా ఇంటి కంప్యూటర్ బాగు చేసుకున్న కథ. ఇందులో మీ అందరి ముందు ఒప్పుకోవలసిన నా తప్పు కూడా ఒకటి ఉంది కాబట్టి చివరిదాకా చదవండి.

మన సోలాపూర్ తూర్పు పేఠల్లోని పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసే పని రెండేళ్ల కింద నాకు అప్పగించారు. చేతి మగ్గం వదిలి పవర్‌లూమ్ పట్టిన తాతలు, బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన అమ్మలు, తమ పెద్దలు నిజాం రాజ్యం నుంచి ఇక్కడికి ఎట్లా వచ్చారో విన్నవాళ్లు, అందరూ కలిపి 31 మంది. మన పిల్లల్లో చాలామంది మరాఠీ బడుల్లో చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. కనీసం విని తెలుసుకుంటారన్నది మన ఆలోచన. ఆ రికార్డింగులన్నీ మా ఇంటి కంప్యూటర్‌లోనే ఉన్నాయి. "కాపీ తీసి పెట్టినవా?" అని మీటింగులో అడిగితే "ఆఁ, ఉంది" అన్నాను. నిజానికి లేదు. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, మా గల్లీ పెద్దమ్మ రికార్డింగును వీడియోగా మారుస్తున్నాను. సంక్రాంతి దాటాక ఆమె పోయింది. వెయ్యి బీడీల లెక్క పూర్తి కాకపోతే కూలి ఎట్లా కోసేవారో ఆమె చెప్తున్న చోట కంప్యూటర్ ఫ్యాను హోరుమంది. మరుక్షణం తెర నల్లబడి, మొత్తం ఆగిపోయింది. కరెంటు పోలేదు, లైటు వెలుగుతూనే ఉంది. మళ్లీ ఆన్ చేస్తే పది నిమిషాలు నడిచింది. ఆ తర్వాత మూడు నిమిషాలు. తర్వాత విండోస్ తెర రాకముందే ఆగింది. నాకు చెమటలు పట్టాయి.

దుకాణానికి తీసుకెళ్లాను. అతను మూత కూడా తెరవకుండా "బోర్డు పోయింది, కొత్తది కొనండి" అన్నాడు. 2014లో కొన్న మిషను కదా, నిజమే అనుకుని తిరిగి వచ్చాను. కొత్తది కొనడం పెద్ద సంగతి కాదు. ఆ 31 గొంతులు ఏమైపోతాయి? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున బాపు చాయ్ తాగుతూ అంతా విన్నాడు. కింద కార్ఖానాలో నలభై ఏళ్లు టవల్ మగ్గాలు నడిపిన మనిషి. ఒక్కటే మాట అడిగాడు: "మోటర్ కాలితే ఏం చేస్తం రా? మొదలు నూగు చూసినవా?"

పుణెలో ఉన్న మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడు రెండు సంగతులు చెప్పాడు. ఒకటి: "మామా, రికార్డింగులు ప్రాసెసర్‌లో ఉండవు, హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. బోర్డు నిజంగానే పోయినా డిస్క్ తీసి వేరే మిషనుకు తగిలించి చదువుకోవచ్చు. కానీ పదేపదే ఆన్ చేయకు. ఫైలు రాస్తుండగా ఆగిపోతే ఆ ఫైలు చెడిపోవచ్చు." రెండోది: ఆగిపోవడం జబ్బు కాదు, రక్షణ. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే ముందు తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా ఒక్కసారిగా ఆగిపోతాయి. చల్లారాక మళ్లీ లేస్తాయి. చల్లారకముందే ఆన్ చేస్తే ఇంకా త్వరగా ఆగుతాయి. నాకు జరిగింది అదే.

అనుమానం తీర్చుకోవడానికి మిషను బాగా చల్లారాక ఆన్ చేసి, వెంటనే బయోస్‌లోకి వెళ్లి ఉష్ణోగ్రత చూశాను. ఏ పనీ లేకుండానే 70, 78, 86 అని ఎక్కుతోంది. 90 దాటగానే ఆపేశాను. పవర్ సప్లై తప్పయితే అంకె ఇట్లా ఎక్కాల్సిన పని లేదు. ఇది వేడే.

ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, పక్క రేకు విప్పాను. ప్రాసెసర్ మీద వేడిని లాగే అల్యూమినియం రెక్కలుంటాయి, వాటి మీద ఫ్యాను. ఆ రెండింటి మధ్య టవల్ ముక్క పరిచినట్టు నూలు నూగు అట్ట కట్టింది. గాలి పోయే దారే లేదు. కార్ఖానా ఉన్న ఇంట్లో, నేల మీద, బల్ల కింద అన్నేళ్లు పెడితే ఇంకేమవుతుంది? బాపు కార్ఖానా గాలి పైపు తెస్తానన్నాడు. మేనల్లుడు వద్దన్నాడు, కంప్రెసర్ గాలిలో తేమ ఉండొచ్చు, ఒత్తిడీ ఎక్కువ. వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దన్నాడు, దాంతో స్టాటిక్ కరెంటు పుట్టి చిప్పులు పోవచ్చట. మెత్తని బ్రష్షు, చేతి బ్లోయరు చాలు. ఊదేటప్పుడు ఫ్యాను గిర్రున తిరక్కుండా వేలితో పట్టుకున్నాను.

నూగు తీసినా బయోస్‌లో 74కు వచ్చి నిలిచింది. ఇంకో తప్పు ఉందన్నమాట. కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి గుంటలోంచి లేచి ఉంది. విప్పి చూస్తే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా రాలుతోంది. ఆ పేస్ట్ లేకపోతే రెండు లోహాల మధ్య గాలి చేరి వేడి దాటదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, నాలుగు కాళ్లూ టక్కుమనేదాకా నొక్కాను. అప్పుడు బయోస్‌లో 48 దగ్గర నిలబడింది. ఖర్చు మూడు వందల లోపే.

ముందు చేసిన పని, పెద్దమ్మ ఫైలు తెరవడం. అసలు రికార్డింగు భద్రంగా ఉంది. సగం తయారైన వీడియో మాత్రం చెడిపోయింది, మళ్లీ చేసుకున్నాను. బాపు పక్కన కూర్చుని మొత్తం విన్నాడు. ఆమె తమ్ముడూ బాపూ ఒకే కార్ఖానాలో పనిచేశారట. నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు కంప్యూటర్ ఎత్తు బల్ల మీద, గోడకు జానెడు దూరంలో ఉంది. నెలకోసారి బ్రష్షు పట్టే పని బాపు తీసుకున్నాడు. రికార్డింగులు ఒక బయటి డిస్క్‌లో మన అధ్యక్షుల ఇంట్లో, ఇంకో కాపీ ఆన్‌లైన్‌లో పెట్టాను. కాపీ ఉందని మీటింగులో అబద్ధం చెప్పినందుకు క్షమించండి. ఆ ఒక్క మాట వల్ల 31 కుటుంబాల సొత్తు పోగొట్టేవాణ్ణి.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఆఫీసులో ఉంటాను. మీ తాతదో అమ్మమ్మదో రికార్డింగు ఉంటే పెన్ డ్రైవ్ తెచ్చుకుని కాపీ తీసుకెళ్లండి. కార్ఖానా ఇళ్లవాళ్లు మీ కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే కొత్తది కొనేముందు దాన్నీ పట్టుకురండి. బాపు కూడా వస్తానన్నాడు, బ్రష్షుతో సహా.