మొదటి ర్యాంకు దారి నాకొద్దు

క్షిపణి పరీక్షల్లో నా పని క్షిపణితో కాదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే విమానంతో. అది ఏ ఎత్తున పోవాలో, ఎక్కడ మలుపు తిరగాలో గీసివ్వడం.

సెలవులకి భీమవరం వస్తే రొయ్యల చెరువు గట్టు మీద మావయ్య అడుగుతాడు: "నేలమీద అన్ని రాడార్లు ఎట్టుకుని మళ్లీ ఇమానమెందుకురా అల్లుడూ?"

భూమి వంపు వల్ల. క్రూయిజ్ క్షిపణి సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. 50 మీటర్ల ఎత్తున పోయేదాన్ని 30 మీటర్ల స్తంభం మీది యాంటెన్నా 50 కిలోమీటర్ల దాకానే అందుకోగలదు. 8 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానానికైతే ఆ హద్దు దాదాపు 400 కిలోమీటర్లు. 2024 ఏప్రిల్ 18న చాందీపూర్ నుంచి వదిలిన దేశీయ క్రూయిజ్ క్షిపణిని తీరం వెంబడి రాడార్లతో పాటు సుఖోయ్-30 విమానం కూడా కనిపెట్టుకుని ఉన్నది అందుకే. అమెరికా వాళ్లయితే అపోలో రోజుల్లోనే ముక్కులో డిష్ పెట్టిన విమానాల్ని సముద్రాల మీదికి పంపారు.

ఎత్తుకి పోతే సరిపోదు. మ్యాపు మీద క్షిపణిది ఎర్ర గీత, విమానానిది నీలం; రెండింటి మీదా నిమిషానికో చుక్క. ఒకే నిమిషం చుక్కల్ని స్కేలుతో కలిపి చూస్తాను. మలుపులో విమానం పక్కకి ఒరుగుతుంది, రెక్క అడ్డొస్తే క్షిపణి పంపే సిగ్నల్ పోతుంది. క్షిపణి ఇంజను అందుకునేటప్పుడు, దిక్కు మార్చేటప్పుడు విమానం తిన్నగా పోతుండాలి. మన మలుపులు క్షిపణి తిన్నగా పోయే చోట పడాలి. దూరం రెట్టింపైతే సిగ్నల్ నాలుగో వంతే అందుతుంది. అలాగని దగ్గరికీ పోలేం: దారి తప్పిన క్షిపణిని పేల్చేయాల్సి వస్తే శకలాలు పడే మేరకి బయటే ఉండాలి.

ఇవన్నీ ఇస్తే కంప్యూటర్ దారులకి మార్కులేసి ర్యాంకుల వరసలో తీసిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు ఆ మొదటి ర్యాంకు దారే పట్టుకొస్తారు. "హోల్డ్ వస్తే?" అంటాను. హద్దులోకి ఏదో పడవ వస్తుంది, ఒక రీడింగు తేడాగా కనిపిస్తుంది, కౌంట్‌డౌన్ ఆపుతారు. గడియారాన్ని ఆపొచ్చు, గాల్లో విమానాన్ని ఆపలేం. చుట్లు కొడుతూ ఉండాల్సిందే. చుట్టు పొడవుగా ఉంటే, ప్రయోగం వేళకి అవతలి కొసన చిక్కుకోవచ్చు. పొట్టిగా ఉంటే అన్నీ మలుపులే. క్షిపణి సరిగ్గా అనుకున్న సెకనుకి లేస్తేనే మొదటి ర్యాంకు దారి మొదటిది. పది నిమిషాలు జరిగితే ఎక్కడో అడుగున తేలుతుంది.

నేను తీసుకునేది మూడోదో నాలుగోదో, ఆలస్యానికి చెడనిది. హోల్డ్‌కి కావలసిన ఇంధనం ముందే పక్కన పెట్టి, మిగిలినదాంతోనే దారి గీస్తాను. ఆ వాటాలోంచి ఒక్క నిమిషం అప్పడిగినా ఇవ్వను.